ప్రయత్నించు, స్థాపించు

రెండో వరద వచ్చిన ఏడాది సంగతి ఇది. మొదటి వరద గడప దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, వెనక్కి పోయింది. దాన్ని మేం వరదల్లో కలపం. రెండోది మాత్రం పిలవని చుట్టంలా నేరుగా లోపలికొచ్చి, మంచాలెక్కి, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, ఎంతకీ కదల్లేదు. పోతూ పోతూ మా కోడలి కంప్యూటర్‌ను తీసుకుపోయినా బాగుండేది. తీసుకుపోలేదు. లోపల బురద నింపి, ఉన్నచోటే వదిలిపోయింది.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. మా కోడలు తెలుగు టైపు చేస్తుంది. మా వాడు లారీ మీద ఉంటాడు, ఇంటికొచ్చినప్పుడు నిద్రలో ఉంటాడు. ఇంట్లో మెలకువగా ఉండేది నేనూ, మా ఆవిడా, కోడలూ.

టైపు నేర్చుకోకముందు కోడలు కోల్డ్ స్టోరేజీలో పనిచేసేది. అక్కడ ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకుని సరుకు ఏరాలి. దాన్ని చలిగది అనేది. ఇంటికొచ్చాక చాలాసేపటి దాకా వేళ్ళు తనవి కానట్టుండేవట. ఒక సాయంత్రం పొయ్యి మీంచి దింపిన గిన్నెను వట్టి చేతులతో పట్టుకుని, మా ఆవిడతో ఏదో కబురు చెబుతూ నిలబడిపోయింది. మా ఆవిడ కెవ్వుమని లాక్కుంటే గానీ గిన్నె కాలుతోందని తనకు తెలియలేదు. ఆ తర్వాత టైపు నేర్చుకుంది, ఆ ఉద్యోగం మానేసింది. ఆ వేళ్ళతోనే పుస్తకాలకు పుస్తకాలు కొట్టి పడేసింది.

వరద తీశాక రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి చలిగది సూపర్‌వైజరుది. మంగళవారం పొద్దుటి షిఫ్టులో ఒక చోటు ఖాళీ ఉంది, వస్తావా అని. రెండోది ప్రెస్సాయనది. రిటైరైన పశువుల డాక్టరు ఒకాయన తన జీవితమంతా చేత్తో రాసి తెచ్చాడు, మొదటి అధ్యాయం సోమవారం సాయంత్రానికి కొట్టి చూపిస్తే మిగతాదీ, ఆ తర్వాత వచ్చే పుస్తకాలూ నీకే ఇస్తాను, లేదంటే మెయిన్ రోడ్డు మీద షాపువాళ్ళు అడుగుతున్నారు అని.

కోడలు రెండు ఫోన్లకూ "చెబుతానండీ" అంది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"మామయ్యా, నాకు ఆ చలిగదిలోకి మళ్ళీ పోవాలని లేదు."

"సరే" అన్నాను.

ఏం సరేనో నాకూ తెలియదు. అందుకని మా బావమరిదిని పిలిచాను.

మా బావమరిదిని అందరూ రేడియో అంటారు. రేడియోలు బాగుచేస్తాడని కాదు, నోరు మూయడని. కరెంటు సామాన్ల కొట్లో పనిచేస్తాడు, కంప్యూటర్ల గురించి తనకు తెలియనిది లేదంటాడు. బురద కంప్యూటర్‌ను చూసి తల ఊపాడు.

"బావా, ఇందులో డబ్బా ఒక్కటే మిగిలింది. లోపలి పేగులన్నీ మార్చాల్సిందే."

"మార్చు."

"కొత్తవి కొనాలంటే ఇల్లు అమ్ముకోవాలి. పాతవి ఏరుకొద్దాం. ఏదో ఆఫీసు మూసేశారట, వాళ్ళ సామానంతా ఒక కొట్లో పోసి అమ్ముతున్నారు. పాత దాని మీద మామూలుది నడవదు, లినక్స్ వేద్దాం. అది ఊరికే వస్తుంది."

మా ఆవిడ వంటింట్లోంచి తల బయటపెట్టింది. "ఏంటది, దగ్గుమందా?"

"లినక్స్ అక్కా. కంప్యూటర్ని నడిపించేది."

"ఊరికే ఎందుకిస్తారు?"

"మంచివాళ్ళక్కా."

"ఎవరు వాళ్ళు?"

"ఎవరో. ప్రపంచంలో ఎక్కడెక్కడో కూర్చుని తయారుచేసి ఇచ్చేస్తుంటారు."

"వాళ్ళకి పెళ్ళాంపిల్లలు లేరా?" అని లోపలికి పోయింది.

ఆ పాత సామాన్ల కొట్టును నడిపేది ఒకావిడ. కళ్ళద్దాలు నెత్తిమీద ఉంటాయి, వాటి కోసం ఎప్పుడూ వెతుకుతూ ఉంటుంది. మాకేం కావాలో అడిగి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. మదర్‌బోర్డు, దానికి అతికించే ప్రాసెసరు, దాని మీద కూర్చునే ఫ్యాను, ర్యామ్ ముక్క, కరెంటు పెట్టె, అరచేతిలో పట్టే డిస్కు, పాత తెర, కీబోర్డు. చివరికి చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి చేతిలో పెట్టి, "లినక్స్ ఇందులో ఎక్కించాను. ఇది గుచ్చి ఆన్ చేయండి. అది అడిగినదానికి జవాబు చెప్పుకుంటూ పోండి, అంతే" అంది.

అంతే అన్న మాట నాకు నచ్చింది.

శనివారం పొద్దున పాత డబ్బాను పంపు కింద పెట్టి కడిగాను. లోపల ఒక కప్పపిల్ల ఉంది. దాన్ని పంపించేశాం. తుప్పును గరుకు కాగితంతో రుద్ది, మేడమీద ఎండబెట్టాను. కోడలు ప్రెస్సుకు వెళ్ళింది, డాక్టరు రాసిన కాగితాలు తేవడానికి. నేనూ రేడియో ముందుగదిలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. మా ఆవిడ గడప మీద కూర్చుంది, మేం ఏమైనా పాడు చేస్తే ముందుగా తనకు తెలియాలని.

"ఇది మదర్‌బోర్డక్కా" అన్నాడు రేడియో.

"తల్లి బోర్డా? మరి తండ్రి బోర్డు?"

"అది మాట్లాడదు, మా బావలాగా. అందుకే ఎక్కడుందో ఎవరికీ కనపడదు."

నేను స్క్రూలు ఏరుకుంటున్నాను.

"ఇది ర్యామ్ బావా. దీనికి అన్నీ గుర్తుంటాయి, కరెంటు ఉన్నంతసేపే. ఇది డిస్కు. దీనికి కరెంటు ఉన్నా లేకపోయినా గుర్తుంటాయి."

"ఒకటి మగ, ఒకటి ఆడ" అంది మా ఆవిడ.

రేడియో బోర్డు తీసి నేరుగా రేకు మీద పెట్టబోయాడు. కొట్టావిడ ఒక పొట్లంలో చిన్న చిన్న ఇత్తడి కాళ్ళు ఇచ్చింది. అవి డబ్బాకు బిగించి, వాటి మీద బోర్డు నిలబెట్టాలని చెప్పింది కూడా. నేను పొట్లం చూపించాను. "అదే, అదే, నీకు గుర్తుందో లేదో అని చూశాను" అన్నాడు. ఫ్యాను తిప్పి చూస్తే కీచుమంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేశాను. దాని జన్మలో ఎవరూ నూనె పెట్టలేదనుకుంటాను, వెంటనే నోరు మూసుకుంది.

వైర్లన్నీ గుచ్చి బటన్ నొక్కాం. ఏమీ కాలేదు. వైర్లు మార్చి గుచ్చి నొక్కాం. కాలేదు. రేడియో చెమట తుడుచుకుని, ప్రాసెసరు పోయి ఉంటుందన్నాడు. బోర్డు కూడా పోయి ఉంటుందన్నాడు. కొట్టావిడ మోసం చేసిందన్నాడు, ముఖం చూస్తేనే తనకు అనుమానం వచ్చిందన్నాడు.

"వెనకాల ఏదో స్విచ్చు ఉందిగా" అంది మా ఆవిడ.

కరెంటు పెట్టె వెనక స్విచ్చు ఉంది. వేశాం. ఫ్యాను తిరిగింది. రేడియో, "ఆవిడ మంచిదే పాపం" అన్నాడు.

నేను మూత పెట్టలేదు, స్క్రూలు కూడా సగమే తిప్పి ఉంచాను. ముందు నడిపి చూడాలి, ఆ తర్వాతే బిగించాలి. కుట్టుమిషను దగ్గర నేనెప్పుడూ అంతే చేస్తాను. బిగించాక తేడా కనపడితే మళ్ళీ అంతా విప్పుకోవాలి. ఈ అలవాటు వల్ల నాకెప్పుడూ నష్టం రాలేదు, ఆ శనివారం దాకా.

తెర వెలిగింది. ముందుగా భాషల పట్టీ ఒకటి వచ్చింది. నాకు తెలియని లిపులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. కిందికి తిప్పుతూ పోయాడు రేడియో.

"బావా, తెలుగుంది!" అన్నాడు, రైలు స్టేషన్లో సొంతవాళ్ళు కనపడ్డట్టు.

"నొక్కు. అమ్మాయి టైపు చేసేది తెలుగేగా."

నొక్కాడు. తెర మొత్తం తెలుగులోకి మారి, రెండు గళ్ళు చూపించి, ఏది కావాలో చెప్పమంది. నేను కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికి జరిగాను. నాది మూడో తరగతి చదువు. అక్షరాలు వచ్చు గానీ, ఒక్కొక్కదాన్నీ పలకరించుకుంటూ పోవాలి. మొదటి గడిలో "ప్రయత్నించు" అని ఉంది. రెండో గడిలో సకు థ వొత్తు, దీర్ఘం, పక్కన పి. కాసేపటికి "స్థాపించు" అని తేలింది.

"స్థాపించడమేంటి?" అన్నాను.

రేడియో ఆలోచించాడు. "సంఘాలు స్థాపిస్తారు. పార్టీలు స్థాపిస్తారు."

"విగ్రహాలు" అంది మా ఆవిడ.

"మనకెందుకవన్నీ? మనది ఇంటి వాడకం. అది పెద్ద పెద్ద కంపెనీలకు అయ్యుంటుంది."

"పైగా ఒకసారి స్థాపించామంటే ఇంక కదపకూడదు" అంది మా ఆవిడ. "రేపు మళ్ళీ నీళ్ళొస్తే ఎత్తి పైన పెట్టుకోవద్దూ?"

అందులో న్యాయం ఉంది. ముందు నడిపి చూడటం నా పద్ధతి కూడా. "పైది నొక్కు" అన్నాను.

ప్రయత్నించు నొక్కాడు. కాసేపు ఆలోచించుకుని, కంప్యూటర్ చక్కగా తెరుచుకుంది. బొమ్మలు, గడియారం, అన్నీ ఉన్నాయి. రేడియో నా వీపు చరిచాడు. నేను స్క్రూలన్నీ బిగించి మూత పెట్టాను.

మధ్యాహ్నం కోడలు కాగితాల కట్టతో వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని, తెలుగు కీబోర్డు పెట్టుకుని, ఒక వాక్యం కొట్టింది. వొత్తులు, దీర్ఘాలు ఎక్కడివక్కడ పడ్డాయి.

"పాతదాని మీద ఇంత శుభ్రంగా వచ్చేవి కావు మామయ్యా" అంది. తర్వాత తెర మీద ఒక మూలకు చూపించింది. "ఇక్కడ స్థాపించు అని ఒక బొమ్మ ఉంది, ఏంటి బాబాయ్?"

రేడియో చెయ్యి ఊపాడు. "ప్రకటనమ్మాయ్, పట్టించుకోకు. ఊరికే ఇచ్చేవాళ్ళు ఆ మాత్రం అడుగుతూనే ఉంటారు. చందా లాంటిది."

పాత కంప్యూటరు తనకు షాపువాళ్ళే అన్నీ పెట్టి ఇచ్చారు. దీని సంగతి తనకూ కొత్త. పట్టించుకోలేదు.

మళ్ళీ వెలుగుతుందో లేదోనని శనివారం రాత్రి కంప్యూటర్‌ను ఆపలేదు. ఆదివారం పొద్దుటి నుంచీ కొట్టింది. డాక్టరు చేతిరాత కోడి కెలికినట్టుంది. ఒక్కో మాట దగ్గర ఆగి, కాగితం వెలుతురుకు పట్టి, మళ్ళీ తెర చూసి, మళ్ళీ కాగితం చూసి, మెడ తిప్పలేక తిప్పలేక కొట్టింది. చీకటి పడే వేళకు అధ్యాయం అయిపోయింది. "భద్రపరచు" అని ఒక మాట ఉంటుంది, దాని మీద నొక్కింది. మామూలుగా ఒకసారి నొక్కితే చాలట. రెండుసార్లు నొక్కింది.

బయట మబ్బు కమ్ముకొస్తోంది. వరద తర్వాత మా ఆవిడకో అలవాటు పట్టుకుంది, మబ్బేస్తే నేలమీద ఉన్న ప్రతిదీ అటకెక్కాల్సిందే. బియ్యం డబ్బా, నా పనిముట్ల పెట్టె, చెప్పులు కూడా.

"అమ్మాయ్, దాన్ని కూడా ఆపేసి ఇవ్వు. నీళ్ళకు ఒకసారి రుచి తెలిసింది."

కోడలు ఆపేసింది. నేను ఎత్తి అటకమీద పెట్టాను. వాన పడలేదు.

సోమవారం పొద్దున దింపి, వైర్లు గుచ్చి, బటన్ నొక్కాను. ఏ భాష కావాలని అడిగింది. మమ్మల్ని ఎప్పుడూ చూడనట్టు అడిగింది. తెలుగు అని చెప్పాను. రెండు గళ్ళు వచ్చాయి. కోడలు వాటిని చూడటం అదే మొదటిసారి. నా వెనక నిలబడి చదివింది.

"మామయ్యా, మొన్న ఇందులో ఏది నొక్కారు?"

"పైది."

తను నన్ను జరగమంది. కూర్చుని, తనే ప్రయత్నించు నొక్కి లోపలికి వెళ్ళింది. అన్నిచోట్లా వెతికింది. గడియారం ఉంది, బొమ్మలున్నాయి. డాక్టరు లేడు.

రేడియోను పిలిపించాను. కొట్టావిడకు ఫోన్ చేసి, అందరికీ వినపడేట్టు పెట్టాడు.

"ఇన్‌స్టాల్ చేశారా?" అందావిడ.

"అలాంటి మాట అక్కడెక్కడా లేదండీ."

"మరేముంది?"

"ప్రయత్నించు, స్థాపించు."

"మీరేం నొక్కారు?"

"ప్రయత్నించు."

"ఎన్నాళ్ళ నుంచి ప్రయత్నిస్తున్నారు?"

"మొన్నటి నుంచండీ."

"స్థాపించు అంటేనే ఇన్‌స్టాల్ అండీ!"

"ఆ మాట తెలుగులో ఏడవచ్చు కదండీ" అన్నాడు రేడియో.

కోడలు ఫోన్ అందుకుంది. "మేడమ్, నేను టైపు చేసింది ఎక్కడుంటుంది?"

"ఆపేశారామ్మా?"

"ఆపేశాం."

"ఇంకెక్కడా ఉండదమ్మా. ఇప్పుడూ, కొట్లో చొక్కా తొడిగి చూసుకున్నారు. కొనకుండా విప్పేసి ఇంటికొచ్చారు. ఇంటికొచ్చి బీరువాలో వెతికితే ఎలా ఉంటుంది? ర్యామ్‌లో ఉండింది, పోయింది. డిస్కు ఇంతవరకూ ఖాళీగానే ఉంది."

కోడలు ఫోన్ పెట్టేసింది. "ఆపమన్నది నేనే" అని మా ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. కోడలు తన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది.

"రేపు షిఫ్టుకు వస్తానని సూపర్‌వైజరుకు చెప్పేస్తాను మామయ్యా. ఆ అధ్యాయానికి నిన్న రోజంతా పట్టింది. సాయంత్రానికి కాదు."

"చెప్పకు" అన్నాను. "లే, నేను కూర్చుంటాను."

కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ వేసి, రెండో గడి నొక్కాను. స్థాపించడం మొదలైంది. అది చాలా ప్రశ్నలు వేసింది. కోడలు పక్కన కుర్చీ వేసుకుని ఒక్కోదాన్నీ చదివి చెబుతూ వచ్చింది. ఊరు అడిగింది, పేరు అడిగింది, ఎవరికీ చెప్పకూడని మాట ఒకటి అడిగింది. చివరికి ఈ కంప్యూటర్‌కు ఏం పేరు పెడతారని అడిగింది.

"ఏం పెడదాం మామయ్యా?"

"ఏదో ఒకటి."

అదే కొట్టింది. ఇప్పటికీ దాని పేరు ఏదోఒకటి.

అంతా అయ్యాక కోడలు పెన్‌డ్రైవ్ పీకి పక్కన పెట్టింది. కొత్త కాగితం ఒకటి తెరిచి, "ఉన్నావా" అని కొట్టి, భద్రపరిచి, ఆపేసింది. ప్లగ్గు కూడా పీకేసింది. మేం నలుగురం నిలబడి నల్లటి తెరను చూశాం. మళ్ళీ పెట్టింది. భాష అడగలేదు, గళ్ళు చూపించలేదు. వెతికితే "ఉన్నావా" ఉంది.

ఇంక మొదటి నుంచీ కొట్టాలి. కాగితం చూసి, తెర చూసి కొడితే నిన్నటిలాగే రోజు పడుతుంది. ఎవరైనా చదివి వినిపిస్తే తను తెర మీంచి కళ్ళు తీయక్కర్లేదు. రేడియో ముందుకొచ్చాడు. గొంతు సవరించుకుని చదివాడు గానీ, ప్రతి వాక్యం చివరా తనది ఒకటి కలిపాడు. "నేను ఆ రాత్రి గేదె దగ్గరికి బయల్దేరాను. వెళ్ళకపోతే ఎలా మరి, డాక్టరన్నాక!" కోడలు అది కూడా టైపు చేసి, "బాబాయ్, చివరిది కాగితంలో ఉందా?" అంది. లేదు. మళ్ళీ కలిపాడు. మళ్ళీ తుడిచింది. మా ఆవిడ వాడి చేతిలోంచి కట్ట లాక్కుని నా చేతిలో పెట్టింది.

"ఈయన సొంతంగా ఏదీ కలపడులే."

నేను చదివాను. మొదట్లో ఒక్కో మాటకు కోడలు వేళ్ళు గాల్లో ఆగి ఎదురుచూసేవి. వొత్తులు విడదీసి పలికి, మళ్ళీ కలిపి పలికేవాణ్ణి. కొన్ని పేజీలు పోయాక డాక్టరు చేతిరాత నాకు అలవాటైంది. ఆయన "క్ష" రాస్తే దారపుండ చిక్కుపడ్డట్టుంటుంది. నాకు చిక్కులు కొత్త కాదు. మధ్యాహ్నానికి నా నోరూ, ఆమె వేళ్ళూ మిషను చక్రానికీ సూదికీ కుదిరినట్టు కుదిరాయి. రేడియో మంచినీళ్ళు అందిస్తూ కూర్చున్నాడు. మా ఆవిడ పొయ్యి కట్టేసి వచ్చి గోడకు ఆనుకుంది.

"దూడ అడ్డం తిరిగిందంటున్నాడు, బతికిందా?" అంది.

"తర్వాతి పేజీలో ఉంది" అన్నాను.

"అయితే త్వరగా తిప్పండి!"

దూడ బతికింది. మా ఆవిడ నిట్టూర్చి లేచి వెళ్ళి టీ పెట్టింది. నేను అన్ని మాటలు వరసగా మాట్లాడటం మా పెళ్ళైనప్పటి నుంచీ వినలేదంటుంది. మాట్లాడింది నేను కాదు, పశువుల డాక్టరు.

ఆఖరి పేజీ అవుతుండగా సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. కోడలు ఒక చేత్తో ఫోన్ పట్టుకుంది. ఇంకా తేలలేదండీ అంది. "తేలడానికేముందమ్మా? పొద్దున బండి మీ వీధి చివరికొస్తుంది. ఎక్కితే ఉద్యోగం ఉన్నట్టు, ఎక్కకపోతే లేనట్టు" అని పెట్టేశాడు.

అనుకున్న వేళకే ప్రెస్సాయన వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, చొక్కా జేబుకు సిరా మరక. కూర్చోమంటే కూర్చోకుండా, తెర ముందు వంగి చదవడం మొదలుపెట్టాడు. కోడలు కుర్చీ వెనక నిలబడి చున్నీ అంచు మెలితిప్పుతోంది.

"వొత్తులన్నీ ఉన్నాయే" అన్నాడు. "మెయిన్ రోడ్డు వాళ్ళు సగం మింగేస్తారు."

"మామయ్య ఒక్కొక్కటీ విడదీసి చదివారండీ."

ఇంకాస్త చదివి ఆగాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాడు. ఈసారి పైకి చదివాడు.

"ఆ రాత్రి లాంతరు పట్టుకున్నది మా తోడల్లుడు. మా తోడల్లుడికంటే ఆ గేదెకే కాస్త ఇంగితం ఉంది. మా తోడల్లుడు ధైర్యవంతుడు. దూడ కాళ్ళు కనపడగానే మా తోడల్లుడు లాంతరుతో సహా పారిపోయాడు. అతని సాయం నేనెన్నటికీ మరువలేను." మా వైపు తిరిగాడు. "ఏమిటిది?"

"రాసి ఉంది" అన్నాను.

కట్ట తీసుకుని ఆ పేజీ చూశాడు. "రాసి ఉంది, కొట్టేసి ఉంది కదా పెద్దాయనా. ఇదిగో గీత."

"గీత కింద కనపడుతోంది."

"కొట్టేసింది చదవకూడదు."

"అన్నీ చదవమన్నారు" అన్నాను. నిజమే, కోడలు అలాగే అంది. ఒక్క మాట కూడా వదలొద్దు మామయ్యా అంది. నేను వదల్లేదు.

కోడలు వచ్చి కుర్చీలో కూర్చుని, "కొట్టేసినవి చెప్పండి మామయ్యా" అంది. నేను కట్ట మొదటి నుంచీ తిప్పుతూ, గీత ఉన్న ప్రతిచోటా వేలు పెట్టి చదివాను. చాలా ఉన్నాయి. డాక్టరు తోడల్లుణ్ణి మొదట తిట్టి, ఆనక మనసు మార్చుకుని పొగిడాడు. ఒకచోట పొగిడి, దాన్నీ కొట్టేశాడు. కోడలు వేళ్ళు ఆ మాటల్ని తెర మీద వెతికి పట్టుకోవడం, తుడిచేయడం ప్రెస్సాయన నిలబడి చూశాడు. నేను వాక్యం పూర్తిచేసేలోపు అది పోయేది. చివరికి వచ్చేసరికి ఆయన నవ్వు ఆపుకోలేక కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఉన్నవాటికంటే కొట్టేసినవే బాగున్నాయి. అయినా ఆయన తోడల్లుడు ఇంకా బతికే ఉన్నాడు" అన్నాడు. తర్వాత ముఖం మామూలుగా పెట్టుకున్నాడు. "పని బాగుందమ్మా. కానీ ఇది ఆ ఊరికే ఇచ్చే లినక్స్ కదా? మా ప్రెస్సులో తెరుచుకోకపోతే నేనేం చేసుకోను?"

మేం ముగ్గురం రేడియో వైపు చూశాం. రేడియో మంచినీళ్ళ చెంబు తీసుకుని వంటింట్లోకి పోయాడు.

కోడలు అధ్యాయాన్ని ఆయన పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చింది. వెళ్ళి చూసి ఫోన్ చేస్తానని స్కూటరెక్కాడు.

మా నలుగురికీ కూర్చోవడం చేతకాలేదు. మా ఆవిడ కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది. రేడియో గడపలోకీ లోపలికీ తిరిగాడు. కోడలు కంప్యూటర్ ఆపలేదు, దాని ముందే కూర్చుంది, వేళ్ళు కీబోర్డు మీద పెట్టి, నొక్కకుండా. మా ఆవిడ అటక వైపు చూసింది గానీ, ఎత్తమని అడగలేదు.

ఫోన్ మోగింది. కోడలు రెండు చేతులతో పట్టుకుంది.

"ఆఁ, చెప్పండి... ఆఁ... ఆఁ... సరేనండీ."

పెట్టేసింది.

"ఏమన్నాడే?" అంది మా ఆవిడ.

"తెరుచుకుందట అత్తయ్యా. మిగతా కట్టంతా రేపు పంపిస్తారట."

రేడియో, తను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానన్నాడు. ఏం చెబుతూ ఉన్నాడో ఎవరూ అడగలేదు. కోడలు సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది, రానని చెప్పడానికి. మోగింది గానీ ఎత్తలేదు. ఇంకోసారి చేసింది. ఎత్తలేదు.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి వీధి చివర హారన్ వినపడుతోంది. కోడలు ఇంకా నిద్రలో ఉంది. మా ఆవిడను పిలుద్దామని నోరు తెరిస్తే, నిన్నంతా చదివి చదివి అరిగిపోయిన గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. చొక్కా వేసుకుని నేనే వెళ్ళాను. తెల్లటి బండి, లోపల స్వెట్టర్లు వేసుకుని కునుకుతున్న ఆడవాళ్ళు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏం పెద్దాయనా, అమ్మాయి వస్తోందా?"

తల అడ్డంగా ఊపాను.

"ఇంకా తయారవలేదా? కాసేపు ఆగనా?"

ఊపాను.

"ఒంట్లో బాలేదా?"

ఊపాను.

"మరేంటి?"

రెండు చేతులూ ముందుకు పెట్టి, పది వేళ్ళూ గాల్లో ఆడించి చూపించాను. డ్రైవరు కాసేపు చూశాడు.

"హార్మోనియమా?"

బండి రేకు మీద అరచేత్తో గట్టిగా రెండు దెబ్బలు వేశాను. అది మాత్రం వెంటనే అర్థమైంది అతనికి. గేరు వేసి పోనిచ్చాడు.